సిట్రోనెల్లా నూనె: వాసన ఉన్నంతసేపే కాపలా!

వానాకాలం వచ్చిందంటే చాలు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఇంట్లో దోమల సంగీతం మొదలవుతుంది. కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే దోమలు. కాయిల్ వెలిగిస్తే ఆ పొగకి అత్తగారికి దగ్గు. ప్లగ్గులో పెట్టే మందు వాసన పడక పిల్లాడికి తుమ్ములు. రాత్రి దోమతెర కట్టుకుని పడుకుంటాం సరే, వంటింట్లో నిలబడి చపాతీలు ఒత్తేటప్పుడు తెర ఎక్కడ కట్టుకుంటాం? ఇలాంటప్పుడే ఎవరో ఒకరు చెబుతారు: "సిట్రోనెల్లా నూనె తెచ్చుకోండి వదినగారూ, అంతా గడ్డిలోంచి తీసిందే, ఏ హానీ ఉండదు" అని.

ఈ మాటలో సగం నిజం ఉంది. అది గడ్డిలోంచి తీసిన నూనే. దాని వాసనకి దోమలు కాస్త దూరం జరిగే మాటా నిజమే. కానీ ఎంతసేపు జరుగుతాయి, ఆ నూనెని ఎంత పాళ్లలో వాడాలి, ఏడాది నిండని పాపాయి ఉన్న ఇంట్లో అసలు వాడవచ్చా లేదా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. "సహజమైనది" అన్న ఒక్క మాట విని నిశ్చింతగా ఉండిపోతే చిక్కు రెండు వైపుల నుంచీ వస్తుంది. దోమ కుట్టనే కుడుతుంది, సీసా పిల్లల చేతికి చిక్కితే అదొక ప్రమాదం. అందుకే ఈ నూనె సంగతులన్నీ ఒకచోట చేర్చి చెప్పుకుందాం.

ఇంతకీ ఏమిటీ గడ్డి?

నిమ్మగడ్డి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పెరట్లో ఒక దుబ్బు వేసుకుని నాలుగు ఆకులు తుంచి టీలో వేసుకునేవాళ్లున్నారు. సిట్రోనెల్లా గడ్డి దానికి తోడబుట్టినదే అనుకోండి. రెండూ 'సింబోపోగాన్' అనే ఒకే జాతికి చెందినవి. చూడడానికి ఒకేలా ఉంటాయి, నలిపితే రెండూ నిమ్మ వాసన వేస్తాయి. అయితే నిమ్మగడ్డిలో ముఖ్యంగా ఉండేది సిట్రాల్ అనే పదార్థం. సిట్రోనెల్లాలో ఉండేవి సిట్రోనెల్లాల్, సిట్రోనెల్లోల్, జెరానియోల్. అందుకే దీని వాసనలో నిమ్మతోపాటు కొంచెం గులాబీ, కొంచెం సబ్బు కలిసినట్టుంటాయి. మరో ముఖ్యమైన తేడా: నిమ్మగడ్డితో టీ కాచుకుంటాం, సిట్రోనెల్లా గడ్డి టీకి పనికొచ్చేది కాదు. నర్సరీలో కొనేటప్పుడు ఈ రెండిటినీ కలిపేసుకోకండి.

సిట్రోనెల్లాలో రెండు రకాలున్నాయి. ఒకటి సింహళం రకం, రెండోది జావా రకం. జావా రకంలో సిట్రోనెల్లాల్, జెరానియోల్ పాళ్లు ఎక్కువ కాబట్టి అత్తరు, సబ్బుల పరిశ్రమలవాళ్లు దానికే విలువ ఎక్కువ ఇస్తారు. మన దేశంలో ఎక్కువగా సాగవుతున్నదీ జావా రకమే. అస్సాం, చుట్టుపక్కల ఈశాన్య రాష్ట్రాలు దీనికి పెట్టింది పేరు. లక్నోలో ఉన్న కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ 'సీమాప్' మేలైన వంగడాలను తయారుచేసి రైతులకు అందిస్తోంది. ఈ సంస్థకు మన హైదరాబాదులో కూడా ఒక పరిశోధన కేంద్రం ఉంది.

కోసిన గడ్డిని పెద్ద పాత్రలో కుక్కి, అడుగునుంచి ఆవిరి పంపిస్తారు. మన ఇడ్లీ పాత్ర సూత్రమేనన్నమాట. ఆవిరితోపాటు పైకి లేచిన నూనెని చల్లార్చి, నీళ్లమీద తేలగానే వేరు చేస్తారు. నూరు కిలోల పచ్చిగడ్డి పెడితే చేతికి వచ్చే నూనె సుమారు ఒక కిలో! ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. సీసాలో ఉన్నది 'ఆకు రసం' కాదు, ఒక్కో చుక్కలో గుప్పెడు గడ్డి ఘాటు ఇమిడి ఉంది. జాగ్రత్తలన్నీ ఇందుకే.

దోమలకి ఈ నూనె వాడడం కొత్తేమీ కాదు. 20వ శతాబ్దం మొదట్లోనే మన దేశంలోని సైన్యంలో సిపాయిలు దీన్ని ఒంటికి రాసుకునేవారు. 1948లో అమెరికాలో దీన్ని కీటకాలను తరిమే మందుగా ప్రభుత్వం దగ్గర నమోదు చేశారు.

పారిపోతుంది, చావదు

మనల్ని కుట్టేది ఆడదోమ ఒక్కటే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. చీకట్లో కూడా మనం ఎక్కడున్నామో ఎలా కనిపెడుతుందంటారా? మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్, ఒంటి చెమట వాసన, వంటి వేడి, ఇవే దానికి దారి చూపిస్తాయి. సిట్రోనెల్లా ఘాటు ఆ వాసనల మధ్యకి వచ్చి దోమని తికమక పెడుతుంది. అంతే. దోమని చంపదు, గది బయటికి వెళ్లగొట్టదు. మీ చేతిమీద వాలవలసిన దోమ, నూనె రాసుకోని మీ వారి చేతిమీద వాలుతుంది!

పైగా ఈ నూనె గాలిలో ఇట్టే ఆవిరైపోతుంది. గుమ్మంలోకి రాగానే గుప్పుమని వాసన రావడానికి కారణం అదే, ఆ వాసన తొందరగా తగ్గిపోవడానికీ కారణం అదే. 2002లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు బజారులో దొరికే రకరకాల దోమ మందులను పరీక్షించి చూశారు. కొందరు చేతికి మందు రాసుకుని, ఆకలితో ఉన్న దోమల పెట్టెలో ఆ చెయ్యి పెట్టారు. సిట్రోనెల్లా కలిపిన రకాలు సగటున 20 నిమిషాలు కూడా ఆగలేదు. 'డీట్' అనే రసాయనం సుమారు 24 శాతం ఉన్న మందు దాదాపు 5 గంటలు ఆగింది. ఈ ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే పేరున్న వైద్య పత్రికలో వచ్చాయి.

కాబట్టి సిట్రోనెల్లా పనికిరానిదా? అబ్బే, అలా అనడం లేదు. దాని సత్తా ఎంతో తెలుసుకుని వాడుకోమంటున్నాం. వాకిట్లో ముగ్గు పెట్టే 10 నిమిషాలు, మొక్కలకి నీళ్లు పోసే పావుగంట, మేడమీద బట్టలు తీసుకొచ్చే కాసేపు... ఇలాంటి చిన్నచిన్న పనులకి అది చక్కని తోడు. రాత్రంతా నిద్రకీ, బడిలో రోజంతా కూర్చునే పిల్లలకీ అది కాపలా కాయలేదు.

బ్యాండు కట్టాం కదా అనుకుంటే...

పిల్లల చేతికి కట్టే రంగురంగుల దోమల బ్యాండ్లు, చొక్కాకి అంటించే బొమ్మల స్టిక్కర్లు ఇప్పుడు ప్రతి మందుల షాపులోనూ వేలాడుతున్నాయి. చాలావాటిలో ఉండేది సిట్రోనెల్లా నూనే. చూడముచ్చటగా ఉంటాయి, వాసన కూడా బాగుంటుంది. కానీ ముంజేతికి కట్టిన బ్యాండు మోకాలి కింద వాలే దోమని ఎలా ఆపుతుంది చెప్పండి? పైన చెప్పిన 2002 పరీక్షలో బ్యాండ్లు ఒక్క నిమిషం కూడా రక్షణ ఇవ్వలేదు. 2017లో అమెరికాలోనే న్యూ మెక్సికో రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు డెంగీ దోమమీద చేసిన మరో పరీక్షలో బ్యాండ్లతోపాటు సిట్రోనెల్లా కొవ్వొత్తి కూడా ఏ ప్రభావమూ చూపలేదని తేలింది.

మనం పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. డెంగీని మోసుకొచ్చే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది. పొద్దున్న పిల్లలు బడికి వెళ్లే వేళ, సాయంత్రం ఆడుకునే వేళ దానికి మరీ ఇష్టం. బ్యాండు కట్టాం కదా అని నిక్కరూ, చేతుల్లేని గౌనూ వేసి పంపిస్తే పిల్లల కాళ్లూ చేతులూ దానికి విందుభోజనమే. బ్యాండుకు పెట్టే డబ్బుతో రెండు జతల పొడుగు మేజోళ్లు కొనండి. నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే పైజామా చేసే మేలు ఏ బ్యాండూ చేయలేదు.

'దోమల మొక్క' అని కుండీలో పెట్టి అమ్మేదాని సంగతి కూడా ఇంతే. కొన్నిచోట్ల ఆ పేరుతో అమ్మేది సిట్రోనెల్లా గడ్డి కాదు, సువాసన ఉండే ఒక రకం జెరానియం మొక్క. 1996లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ మొక్క పక్కనే కూర్చున్నా దోమలు కుట్టడం తగ్గలేదని చెప్పారు. అసలైన సిట్రోనెల్లా గడ్డి పెట్టుకున్నా ఆకు నలిపితే తప్ప నూనె బయటికి రాదు. అందానికి పెంచుకోండి, దోమలకోసం మాత్రం కాదు.

ఒంటికి రాసుకునే నూనె

సీసాలోని నూనెని ఉన్నదున్నట్టు ఎప్పుడూ ఒంటికి రాయకూడదు. మంట, దద్దురు, ఒక్కోసారి బొబ్బలు కూడా వస్తాయి. మన వంటనూనెల్లో కలిపి పలుచన చేసుకోవాలి.

కావలసినవి (పెద్దవాళ్లకు):
కొబ్బరినూనె లేదా నువ్వులనూనె - 2 టీ స్పూన్లు (10 మి.లీ.)
సిట్రోనెల్లా నూనె - 4 చుక్కలు

చేసే విధానం: చిన్న గాజు గిన్నె పొడిగా తుడిచి అందులో కొబ్బరినూనె పోయండి. సిట్రోనెల్లా చుక్కలు లెక్కపెట్టి వేసి, శుభ్రమైన చెంచాతో కలపండి. నూనె గడ్డకట్టి ఉంటే గిన్నెని కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. పొయ్యిమీద మాత్రం పెట్టకండి. అవసరమైనంతే అప్పటికప్పుడు కలుపుకోవడం మంచిది. ఈ పాళ్లు సుమారు 2 శాతానికి వస్తాయి. ఘాటు ఎక్కువైతే పని ఎక్కువ చేస్తుందని చుక్కలు పెంచకండి, దోమ కంటే ముందు మీ చర్మమే అభ్యంతరం చెబుతుంది.

మొదటిసారి వాడేవాళ్లు ముందు చిన్న పరీక్ష చేసుకోవాలి. కలిపిన నూనె ఒక్క చుక్క మోచేతి మడత లోపలి వైపున రూపాయి బిళ్లంత మేర రాసి, ఒకరోజు కడగకుండా వదిలేయండి. ఎర్రబడినా, దురద పెట్టినా, మండినా మీకది పడదని అర్థం. వెంటనే సబ్బుతో కడిగేయండి. నూనె కాబట్టి ఉత్తి నీళ్లతో పోదు. ఏమీ కాకపోతే వాడుకోవచ్చు.

రాసుకునేటప్పుడు బట్ట కప్పని చోట్ల, అంటే ముంజేతులకీ పిక్కలకీ పాదాలకీ పలుచగా రాయండి. కళ్లచుట్టూ, పెదవులమీద, గాయాలు, గజ్జి, తామర ఉన్నచోట వద్దు. రాసుకున్న చేత్తో కళ్లు నులుముకోకండి. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్నాకే వంటింట్లోకి వెళ్లండి. అరగంట దాటితే వాసన తగ్గుతుంది, మళ్లీ రాసుకోవలసి వస్తుంది. కానీ రోజుకి రెండు, మూడుసార్లకు మించి రాసుకునే పరిస్థితి వస్తే ఈ నూనె మీ అవసరానికి చాలదన్నమాట. దోమతెర, నిండు దుస్తులు, లేదా డాక్టర్ని అడిగి ప్రభుత్వ అనుమతి ఉన్న దోమల క్రీము, ఇవే అప్పుడు సరైన దారి.

ఇంట్లో ఇంకెక్కడ వాడుకోవచ్చు?

గచ్చు తుడిచే నీళ్లలో: నూనె, నీళ్లు కలవవని మనకి తెలిసిందే. నేరుగా బకెట్లో వేస్తే పైన తేలి ఒకేచోట గచ్చుకి అంటుకుంటుంది, కాలు జారుతుంది. ముందుగా ఒక టేబుల్ స్పూను గచ్చు కడిగే సబ్బు ద్రవంలో 8, 10 చుక్కలు వేసి బాగా కలిపి, దాన్ని అరబకెట్ నీళ్లలో పోయండి. గదికి మంచి వాసన వస్తుంది, ముసురు రోజుల్లో తడి కంపు పోతుంది. దోమలమీద మాత్రం కాసేపే పనిచేస్తుంది. పాకే పిల్లలున్న గదిలో ఈ నీళ్లు వాడకండి. గచ్చుమీద చేతులు పెట్టి అవే నోట్లో పెట్టుకుంటారు.

చెత్తబుట్టలో: అడుగున పాత న్యూస్ పేపరు మడిచి వేసి, దానిమీద 2, 3 చుక్కలు వేయండి. కూరగాయల తొక్కల వాసన తెలియదు. అలాగని చెత్త రెండో రోజుదాకా ఉంచకూడదు సుమా!

బీరువాలో: దూది ఉండమీద 3 చుక్కలు వేసి, పలుచని గుడ్డలో మూటకట్టి, చిన్న గాజు మూతలో పెట్టి బీరువా మూలన ఉంచండి. పట్టుచీరలకి తగలకుండా చూడండి, నూనె మరక పడితే వదిలించడం మన తరం కాదు. ఇది ముక్క వాసన పోగొడుతుందే కానీ పురుగునుంచి చీరలకి పూర్తి రక్షణ ఇవ్వదు. మూడు నెలలకోసారి చీరలు నీడన ఆరేసి, మడతలు మార్చి పెట్టడమే అసలు రక్షణ. సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. కలరా ఉండలు వేసిన బట్టలు బయటికి తీయగానే పసిపిల్లలకి తొడగకండి, కప్పకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకి ఆ వాసనే రక్తకణాలు విరిగిపోయేలా చేస్తుంది.

గదిలో సువాసనకి: సువాసన నూనెలకోసం తయారైన డిఫ్యూజర్ ఉంటే 3, 4 చుక్కలు వేసి అరగంటసేపు పెట్టుకోవచ్చు. కిటికీ ఒకటి తీసి ఉంచండి. తలనొప్పిగా అనిపించినా, గొంతు గరగరలాడినా వెంటనే ఆపేయండి.

ఈ పనులు మాత్రం వద్దు

* దోమల మందు అయిపోయిన ప్లగ్ సీసాలో సిట్రోనెల్లా, కర్పూరం, వేపనూనె కలిపి పోసి తిరిగి పెట్టడం చాలా ఇళ్లలో చూస్తున్నాం. ఆ యంత్రం దానికోసం తయారైన మందు పలుచదనానికి, దాని ఆవిరికి తగినట్టుగా చేసినది. చిక్కని నూనె పోస్తే వత్తి మూసుకుపోతుంది, మాడుతుంది. రాత్రంతా ప్లగ్గులో కరెంటు, పక్కన మంటనందుకునే నూనె! పొదుపు కోసం ఇంత సాహసం అవసరమా?

* వెలుగుతున్న దీపంలో, ప్రమిదలో ఈ నూనె పోయకండి. గ్యాస్ పొయ్యి దగ్గర, దేవుడి గూటి దగ్గర సీసా పెట్టకండి. ఇది తేలిగ్గా అంటుకునే నూనె.

* కూలర్ నీళ్లలో వేయకండి. గదిలోని వాళ్లందరూ రాత్రంతా ఆ ఘాటునే పీలుస్తారు.

* ఆవిరి పట్టే నీళ్లలో వేయకండి. ఇది నీలగిరి తైలం కాదు. కళ్లూ ఊపిరితిత్తులూ మండుతాయి.

* కడుపులోకి ఏ రూపంలోనూ తీసుకోకండి. తేనెలో ఒక చుక్క, టీలో ఒక చుక్క అని ఎవరైనా చెబితే వినకండి.

* తాగే నీళ్ల తొట్టిలో, చేపల తొట్టిలో, దోమ పిల్లల్ని తినడానికి గంబూసియా చేపలు వేసిన బావిలో వేయకండి. చేపలకి ఇది హాని చేస్తుంది.

* ప్లాస్టిక్ డబ్బాలో, థర్మోకోల్ గ్లాసులో కలపకండి. ప్లాస్టిక్ మెత్తబడుతుంది. వార్నిష్ వేసిన బల్లమీద ఒలికితే మెరుపు పోతుంది.

ఎవరికి ప్రత్యేక జాగ్రత్త?

రెండేళ్ల లోపు పిల్లలకి: సిట్రోనెల్లా నూనె ఒంటికి అసలు రాయకండి, ఎంత పలుచన చేసినా సరే. పాపాయి ఊయలకీ, దుప్పటికీ, దిండుకీ కూడా వద్దు. వాళ్ల చర్మం పలుచన, చేతులు ఎప్పుడూ నోట్లోనే. పసివాళ్లకి దోమతెరను మించిన మందు లేదు. ఉయ్యాలకి నాలుగు వైపులా దిగేలా తెర కట్టి, అంచులు పరుపు కింద దోపండి.

రెండేళ్లు దాటిన పిల్లలకి: పిల్లల డాక్టర్ని అడిగాకే వాడాలి. వాడినా పెద్దవాళ్ల పాళ్లలో సగం, అంటే 2 టీ స్పూన్ల కొబ్బరినూనెకి 2 చుక్కలు చాలు. ముందు మీ చేతికి రాసుకుని, తర్వాత పిల్లల కాళ్లకీ చేతులకీ మీరే పట్టించండి. అరచేతులకి, మొహానికి వద్దు. సీసా వాళ్లకి ఇవ్వకండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు: డాక్టర్ సలహా లేకుండా వద్దు. పాలిచ్చేవాళ్లు రొమ్ము చుట్టుపక్కల, బిడ్డని ఎత్తుకునే చేతులమీద అసలు రాసుకోకూడదు.

ఉబ్బసం ఉన్నవాళ్లు: ఘాటు వాసన ఆయాసాన్ని రేపవచ్చు. ఇంట్లో ఒక్కరికి ఉబ్బసం ఉన్నా డిఫ్యూజర్, కొవ్వొత్తి లాంటివి పక్కన పెట్టండి.

పెంపుడు జంతువులు: ముఖ్యంగా పిల్లులు. ఇలాంటి నూనెల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. ఒంటిమీద పడితే అవి నాకుతాయి, జబ్బు పడతాయి. పిల్లికీ, కుక్కపిల్లకీ ఈడుపులు పోవాలని ఈ నూనె రాయకండి. పశువుల డాక్టరు చెప్పిన మందే వాడండి.

పిల్లలు పొరపాటున తాగితే?

ఈ భాగం ఇంట్లో అందరూ ఒకసారి చదవాలి. సిట్రోనెల్లా ఒక్కటే కాదు, నీలగిరి తైలం, కర్పూర తైలం లాంటి ఘాటు నూనెలన్నిటికీ ఇది వర్తిస్తుంది. చిన్న పిల్లలకి కొద్ది మోతాదే ప్రమాదం. నిమ్మ వాసన, పైగా బుజ్జి సీసా, పిల్లలకి అది పిప్పరమెంటు రసంలా కనిపిస్తుంది.

ఆ నూనె గొంతులోంచి కడుపులోకి వెళ్లడం కన్నా ఊపిరితిత్తుల్లోకి జారడం ఎక్కువ ప్రమాదం. అందుకే మొట్టమొదటి మాట: వాంతి చేయించకండి. గొంతులో వేలు పెట్టకండి. ఉప్పునీళ్లు, మజ్జిగ, పాలు పట్టకండి. కక్కే క్రమంలోనే నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మూతీ, నోరూ తడిగుడ్డతో తుడవండి. బట్టలమీద ఒలికితే విప్పేసి, ఒళ్లు సబ్బుతో కడగండి. సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. దగ్గు, ఆయాసం, మగత, వాంతులు, ఫిట్స్ ఏవైనా కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. బాగానే ఉన్నాడు కదా అని ఇంట్లో కూర్చోవద్దు, ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా బయటపడవచ్చు. కంట్లో పడితే 15 నిమిషాలపాటు శుభ్రమైన నీళ్లధారతో కడిగి డాక్టరుకి చూపించండి.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

సీసామీద 'ఎసెన్షియల్ ఆయిల్' అని ఉందో, 'ఫ్రాగ్రెన్స్ ఆయిల్' అని ఉందో చూడండి. రెండోది అత్తరు లాంటి వాసన ద్రవం, ఒంటికి పనికిరాదు. మొక్క శాస్త్రీయ నామం, తయారీ తేదీ, కంపెనీ చిరునామా ఉన్నదే తీసుకోండి. తెల్ల కాగితంమీద ఒక్క చుక్క వేసి చూస్తే, అసలైన నూనె కొన్ని గంటల్లో చాలావరకు ఎగిరిపోతుంది. జిడ్డు మరక అలాగే మిగిలితే అందులో వేరే నూనె కలిసి ఉండవచ్చు.

'హెర్బల్' అని రాసి ఉన్న దోమల అగరుబత్తీలతో మరీ జాగ్రత్త. పైన సిట్రోనెల్లా బొమ్మ వేసి, లోపల అనుమతి లేని పురుగుమందు కలిపి అమ్మే సంగతులు మన దేశంలో బయటపడ్డాయి. దోమలకోసం అమ్మే పురుగుమందులకి 1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు లేని పెట్టె పొగ దోమల్ని చంపేస్తోందంటే సంతోషించకండి, ఆ పొగ పీలుస్తున్నది మీరే.

సీసా ముదురు రంగు గాజుది కావాలి. మూత బిగించి, ఎండ, వేడి తగలని చోట, తాళం వేసే అలమరలో పై అరలో పెట్టండి. దగ్గుమందుల పక్కన, వంటింటి ఎసెన్సుల పక్కన వద్దు. సీసా తెరిచిన తేదీ కాగితంమీద రాసి అంటించండి. గాలి తగిలి పాతబడిన నూనె చర్మాన్ని ఎక్కువ మండిస్తుంది. ఏడాది దాటినా, వాసన మారినా ఒంటికి వాడకండి.

దోమ పుట్టిల్లు మన ఇంట్లోనే!

దోమని తరమడం ఒక ఎత్తు, పుట్టకుండా చేయడం ఒక ఎత్తు. మలేరియాని దోమ మోస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఇప్పటికీ ఆ తేదీని ప్రపంచ దోమల దినంగా గుర్తుచేసుకుంటారు. ఆ తర్వాత ఎన్ని మందులు వచ్చినా, నిలవ నీళ్లు పారబోయడాన్ని మించిన ఉపాయం రాలేదు.

డెంగీ దోమ మురుగులో పుట్టదు, మంచినీళ్లలో పుడుతుంది. పూలకుండీ కింద పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ అడుగు, మేడమీద కొబ్బరిచిప్ప, పాత టైరు, మూతలేని డ్రమ్ము... ఇవే దాని పురిటిగదులు. గుడ్డునుంచి ఎగిరే దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు. అందుకే వారానికోసారి 'డ్రై డే' పాటించమని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి చెబుతారు. నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలు కూడా పీచుతో రుద్దండి. ఈ దోమ గుడ్లు తొట్టి అంచున అంటుకుని, నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి.

మీ సందేహాలు

సిట్రోనెల్లా తలకి రాస్తే పేలు పోతాయా?
చావవు, ఈపి కూడా రాలదు. సన్నపళ్ల దువ్వెనతో రోజూ దువ్వడం, డాక్టరు చెప్పిన మందు వాడడం మంచిది. పిల్లల మాడుకి ఈ నూనె ఘాటు పడదు.

దోమ కుట్టిన చోట దురదకి రాయవచ్చా?
వద్దు. గీరిన చర్మంమీద ఇంకా మండుతుంది. చల్లని తడిగుడ్డ అద్దండి.

దోమతెరమీద చల్లవచ్చా?
అక్కర్లేదు. మందు పట్టించిన తెర అయితే అసలు వద్దు. తెరకి చిరుగులుంటే కుట్టుకోండి, ఆ సూదీ దారం చేసే మేలు ఎక్కువ.

చివరగా ఒక్క మాట. సిట్రోనెల్లా సీసా ఇంట్లో ఉండడం తప్పు కాదు, అదొక్కటే చాలుననుకోవడమే తప్పు. ఈ శుక్రవారం తలంట్లు, పూజ అయ్యాక ఒక పావుగంట తీరిక చేసుకుని ఇల్లంతా ఒకసారి చుట్టిరండి. నిలిచిన నీళ్లన్నీ పారబోయండి. ఆ తర్వాత నాలుగు చుక్కల నూనె రాసుకుని వాకిట్లో కూర్చుంటే, ఆ వాసన మీకు నిజంగానే హాయిగా ఉంటుంది.